ఎహతియాత్

పోయిన నెల అమ్మీకి నడుము నొప్పి ఎక్కువైతే డాక్టరు ఎంఆర్‌ఐ రాశాడు. నేనూ భాయిజానూ కలిసి కర్నూలులోనే ఒక స్కానింగ్ సెంటర్‌కి తీసుకెళ్ళాం. లోపలికి పంపేముందు అక్కడి కుర్రాడు ఒక కాగితం పట్టుకుని వరసగా అడిగాడు. గుండెలో పేస్‌మేకర్ ఉందా? ఎముకల్లో రాడ్డుగానీ ప్లేటుగానీ వేశారా? చెవి మిషను వాడతారా? ఒంటిమీద పిన్నులు, నగలు? అమ్మీ బుర్ఖాకీ దుపట్టాకీ కలిపి ఏడు పిన్నులు తేలాయి. గాజులు తీసింది, కమ్మలు తీసింది. మెడలో తావీజు దగ్గరికొచ్చేసరికి ఆగిపోయింది. అది మా నానీ కట్టిన తావీజు. రేకు డబ్బీలో పెట్టి, నల్లదారంతో కట్టింది. నా పుట్టుకకన్నా ముందుది.

"మిషన్ జరసేపు బంద్ చెయ్ బేటా, నేను పడుకున్నాక చాలూ చేసుకో" అంది అమ్మీ.

కుర్రాడు నవ్వాడు. "అది బంద్ కాదమ్మా. రాత్రీ పగలూ, కరెంటు పోయినా సరే, మ్యాగ్నెట్ పనిచేస్తానే ఉంటది."

అమ్మీకి నమ్మకం కుదరలేదు. కరెంటు లేకుండా పనిచేసే మిషను ఎక్కడైనా ఉంటుందా అన్నట్టు నావైపు చూసింది. భాయిజాన్ ముందుకొచ్చి తావీజు ముడి విప్పి, తన చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద అరచెయ్యి పెట్టుకున్నాడు. "నా దగ్గరే ఉంటది అమ్మీ. నువ్వు వచ్చేదాకా తియ్యను." అప్పుడుగానీ ఆమె లోపలికి కదల్లేదు.

ఆ జేబు, ఆ చెయ్యి చూసి నాకు అబ్బా గుర్తొచ్చాడు. చిన్నమామూ గుర్తొచ్చాడు. ఇన్నేళ్ళుగా రాయాలనుకుని రాయనిది ఇవాళ రాస్తున్నాను.

*

నేను అయస్కాంతాన్ని మొదట 'మఖ్నాతీస్' అనే పేరుతో ఎరుగుదును. మా ఉర్దూ మీడియం స్కూల్లో సైన్స్ మాస్టర్‌సాబ్ కాగితం మీద ఇనుప రజను చల్లి, కింద మఖ్నాతీస్ పెట్టి కదిపేవాడు. రజను గీతలు గీతలుగా లేచి నిలబడేది. "ఇది మఖ్నాతీసీ మైదాన్. కనిపించదు, కానీ ఉంటది" అనేవాడు. మైదాన్ అంటే మాకు క్రికెట్ ఆడే చోటు. కనిపించని మైదాన్ అనే మాట చాలా రోజులు బుర్రలో తిరిగింది. తర్వాత డిగ్రీలో తెలుగు తీసుకున్నాక అయస్కాంతం అనే మాటను విడదీసి చూశాను. అయస్సు అంటే ఇనుము, కాంతం అంటే దానికి ఇష్టమైనది. ఇనుముకి మెహబూబ్ అన్నమాట. ఇంత ముద్దుపేరు పెట్టుకున్న వస్తువు దగ్గర ఎంత ఎహతియాత్‌గా మెలగాలో మాత్రం ఏ భాషలోనూ ఎవరూ మాకు చెప్పలేదు.

మా అబ్బాది మోటార్ వైండింగ్ షాపు. ఇంటి ముందు గదే షాపు. చుట్టుపక్కల పల్లెల రైతులు కాలిపోయిన బోరు మోటార్లు తెచ్చి పడేసేవాళ్ళు. అబ్బా కాలిన తీగ కోసి, తూకం వేసి, కొత్త కాపర్ తీగను స్టేటర్ గాళ్ళలో ఒక్కో చుట్టూ పరిచేవాడు. చుట్లు లెక్క తప్పితే మోటారు మళ్ళీ కాలుతుంది. ఆ పనంతా వేళ్ళ కొసల్లోనే ఉంటుంది. వార్నిష్ వాసన, కాపర్ మెరుపు, అబ్బా లెక్కపెట్టే గొంతు. నా బచ్పన్ అదే.

1990 ఎండాకాలం. నాకు పదకొండేళ్ళు. ఒంటిపూట బడి. చెమటలు కక్కుకుంటూ ఇంటికొచ్చాను. ఫ్యాను తిరగడం లేదు. వరండాలో మీటరు కింద మెయిన్ హ్యాండిల్ కిందికి దించి ఉంది. ఎవరు దించారు, ఎందుకు దించారు అనే ఆలోచన నాకు రాలేదు. స్టూలు ఎక్కి పైకి లేపాను.

షాపులోంచి ఒక చప్పుడు, అబ్బా కేక.

అబ్బా మోటారు వైర్లు స్టార్టర్‌కి బిగిస్తున్నాడు. అల్లా దయవల్ల ప్రాణం దక్కింది. కుడిచేతి చూపుడు వేలూ మధ్య వేలూ కాలి, మానినా మళ్ళీ పూర్తిగా వంగలేదు. ఆ వేళ్ళతో స్టేటర్ గాడిలో తీగ కూర్చలేడు. కొన్నాళ్ళు కూలికి మనిషిని పెట్టుకున్నాడు, గిట్టుబాటు కాలేదు. అప్పటికి టెన్త్ పాసైన భాయిజాన్ కాలేజీ ఫారం చింపేసి షాపులో కూర్చున్నాడు. నేను చదువుకున్నాను. మా ఇంట్లో ఒకరి చదువు ఇంకొకరి చేతులమీదుగా నడిచింది.

పలకరించడానికి వచ్చినవాళ్ళందరికీ అబ్బా ఒకే మాట చెప్పాడు. "మెయిన్ దించడం మర్చిపోయినా. గల్తీ నాదే." ఆ మాట అబద్ధమని ఇంట్లో నాకు తెలుసు. దించి ఉన్నదాన్నే కదా నేను లేపింది. ఆయన దించానని ఆయనకీ తెలుసు. మరి లేపింది నేనని తెలుసా? అడిగే ధైర్యం నాకు ఎప్పుడూ రాలేదు. ఆ రోజు నుంచి ఆయన మెయిన్ దించడంతో ఆగలేదు. మూడు ఫేజుల ఫీజులూ పీకి చొక్కా జేబులో వేసుకుని పనికి కూర్చునేవాడు. తెల్ల పింగాణీ ఫీజుల బరువుకి జేబు ఒక పక్కకి జారిపోయేది. చొక్కాలతో పాటు రెండుసార్లు వాటినీ ఉతికేశానని అమ్మీ గొణిగేది.

*

మా చిన్నమామూ అణుశక్తి శాఖ సంస్థల్లో ఒకదానిలో టెక్నీషియను. 2004లో ఆయన్ని ఏడాదిపాటు జెనీవా పక్కనున్న సెర్న్‌కి పంపారు. అక్కడ నేలకింద 27 కిలోమీటర్ల సొరంగంలో లార్జ్ హాడ్రాన్ కొలైడర్ కడుతున్న రోజులవి. ప్రోటాన్లను గుండ్రంగా వంచి తిప్పడానికి 1232 పెద్ద అయస్కాంతాలు కావాలి. ఒక్కొక్కటి 15 మీటర్ల పొడవు, 35 టన్నుల బరువు. ప్రతిదాన్నీ సొరంగంలోకి దించేముందు ఎస్ఎం18 అనే పెద్ద హాలులో పరీక్షించాలి. ఆ హాల్లో 12 పరీక్ష బెంచీలు ఉండేవి, పని రాత్రీ పగలూ నడిచేది. ఆ పనిమీద మన దేశం నుంచి సుమారు వందమంది ఇంజినీర్లు, టెక్నీషియన్లు వంతులవారీగా వెళ్ళొచ్చారు. ఆ ఏడాది రంజాన్ మామూకి అక్కడే గడిచింది. నైట్ షిఫ్టులో కంట్రోల్ రూము పక్కగదిలో సెహ్రీ చేసేవాణ్ణనీ, బయట చలి చూసి ఇదేం రంజాన్ అనిపించేదనీ చెప్పేవాడు.

తిరిగొచ్చాక మామూని కూర్చోబెట్టి అడిగాను. పేపర్లో ఒక ఆర్టికల్‌కి పనికొస్తుందని నా స్వార్థం.

"అంత పెద్ద మఖ్నాతీస్ కదా మామూ, దగ్గరికి పోతే స్పానర్లు ఎగిరిపోతాయా?"

"అది వేరే రకం. తెరిచి ఉన్న పెద్ద అయస్కాంతాల దగ్గర ఆ భయం నిజమే. అక్కడ నేలమీద గీత గీస్తారు. పేస్‌మేకర్ ఉన్నవాళ్ళు ఆ గీత దాటకూడదు. ఇనుప పనిముట్టు పట్టుకుని ఎవరూ దాటకూడదు. మా దాంట్లో మైదాన్ చాలామటుకు లోపలే ఉంటది, చుట్టూ ఇనుప కవచం ఉంది. మా భయాలు వేరే."

ఆ భయాలు ఒక్కొక్కటే చెప్పాడు. నాకు అర్థమైనట్టు రాస్తున్నాను.

మొదటిది చలి. ఆ చుట్టలు నయోబియం-టైటేనియం తీగతో చేసినవి. మైనస్ 271 డిగ్రీలకి చల్లబరిస్తే కరెంటుకి అడ్డు అన్నదే లేకుండా పోతుంది. అందుకే అమ్మీ నమ్మని ఆ స్కానింగ్ మిషను కూడా కరెంటు పోయినా పనిచేస్తూనే ఉంటుంది. ఒకసారి ఎక్కించిన కరెంటు చుట్టలో అలా తిరుగుతూనే ఉంటుంది. ఆ చలి కోసం ద్రవ హీలియం వాడతారు. అది బయటికొచ్చి మామూలు వేడికి వస్తే సుమారు 700 రెట్లు ఉబ్బుతుంది. రంగు లేదు, వాసన లేదు. విషం కూడా కాదు. గదిలో గాలిని పక్కకి నెట్టేస్తుంది, అంతే. గాలిలో 21 శాతం ఉండాల్సిన ఆక్సిజన్ బాగా పడిపోతే మనిషికి ఊపిరాడనట్టు కూడా అనిపించదు, ఉన్నట్టుండి కూలిపోతాడు. అందుకే ఆక్సిజన్ కొలిచే మీటర్లు పెడతారు. అది కూస్తే చేతిలో ఏ పనున్నా వదిలి బయటికి నడవాలి. "పడిపోయినవాణ్ణి కాపాడాలని ముసుగు లేకుండా లోపలికి పరిగెత్తకూడదు. వాడి పక్కన నువ్వూ పడతావ్. ఇదొక్కటి నేర్చుకోవడం మాకు చాలా కష్టమైంది. మనకి పరిగెత్తడమే అలవాటు కదా" అన్నాడు మామూ.

రెండోది లోపల దాచిన శక్తి. పూర్తి కరెంటు దాదాపు 12 వేల ఆంపియర్లు. అప్పుడు ఒక్క అయస్కాంతంలో దాదాపు 70 లక్షల జౌళ్ళ శక్తి ఉంటుంది. "అంటే ఎంత మామూ?" అంటే, ఆ 35 టన్నుల అయస్కాంతాన్నే 20 మీటర్లు పైకి లేపేంత అన్నాడు. చుట్టలో ఎక్కడో ఒక చిన్నచోట కాస్త వేడి పుడితే చాలు, అక్కడ ఆ మహత్తు పోయి మామూలు తీగ అయిపోతుంది. దీన్ని క్వెంచ్ అంటారు. ఆ శక్తంతా ఆ ఒక్క చోటే దిగితే తీగ కరిగిపోతుంది. మరి ఎలా కాపాడతారు? నేను చల్లబరుస్తారేమో అనుకున్నాను. కాదు. హీటర్లు కాల్చి మొత్తం అయస్కాంతాన్నే వేడెక్కిస్తారు, ఒక్కచోట పడాల్సిన భారం ఒళ్ళంతా పంచుకునేలా. సెకను తిరక్కుండానే కరెంటు దిగిపోవాలి. ఆ హీటర్లకి కరెంటిచ్చే పెట్టెల్లో మన దేశం నుంచి వెళ్ళినవి వేలల్లో ఉన్నాయని మామూ కాస్త గర్వంగానే చెప్పాడు.

కొత్త అయస్కాంతం మొదటిసారే పూర్తి బలానికి రాదట. లోపల ఒక్కో మీటరు మీద దాదాపు 400 టన్నుల ఒత్తిడి పడుతుంది. ఎక్కడో తీగ వెంట్రుకవాసిలో పదోవంతు కదిలినా ఆ రాపిడికి వేడి పుట్టి క్వెంచ్ అవుతుంది. గంటల తరబడి మళ్ళీ చల్లబరుస్తారు. మళ్ళీ కరెంటు ఎక్కిస్తారు. ఈసారి కదలాల్సినది కదిలి సర్దుకుని ఉంటుంది కాబట్టి ఇంకొంచెం పైదాకా పోతుంది. దీనికి వాళ్ళు పెట్టుకున్న పేరు ట్రైనింగ్. "మఖ్నాతీస్‌కి సబర్ నేర్పడం" అన్నాడు మామూ.

మూడోది తాళం. ఇది చెప్పేముందు మామూ లేచి సూట్‌కేసు తెరిచి, చిన్న ఎర్ర తాళంకప్ప తెచ్చి నా చేతిలో పెట్టాడు. తిరిగొచ్చాక ఇక్కడి డ్యూటీ కోసం తానే కొనుక్కున్నాడట, అక్కడ అలవాటైనట్టు.

"అయస్కాంతానికి చెయ్యి తగిలించాలంటే ముందు కరెంటు బ్రేకర్ దించాలి. దించిన చోట తాళం వెయ్యాలి. తాళం నీది, చాబీ నీ జేబులో. ఇద్దరు పనిచేస్తే రెండు తాళాలు, పదిమంది అయితే పది. నీ చాబీ ఇంకెవడికీ ఇయ్యొద్దు, షిఫ్టు ఇంచార్జికి కూడా. ఆ తర్వాత మీటరు పెట్టి, నిజంగా కరెంటు లేదని చూసుకున్నాకే చెయ్యి పెట్టాలి. సొరంగంలోకి పోవాలన్నా అంతే. గేటు దగ్గర ఒక్కొక్కరూ ఒక తాళంచెవి తీసుకుని పోతారు. ఆ చెవులన్నీ తిరిగి గేటు దగ్గర గూళ్ళలోకి రానిదే లోపల బీమ్ వదలడానికి ఒప్పుకోదు మిషను."

నేను ఆ ఎర్ర తాళంకప్పను చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. పక్కగదిలో అబ్బా దగ్గు వినిపిస్తోంది. ఆయన జేబులోని మూడు పింగాణీ ఫీజులు గుర్తొచ్చాయి. ఏ సెర్న్‌కీ పోకుండానే మా అబ్బా అక్కడికి చేరుకున్నాడు, రెండు వేళ్ళు ఫీజుగా కట్టి.

ఆ ఆర్టికల్ నేను రాయలేదు.

*

2008 సెప్టెంబర్ 10. కొలైడర్‌లో మొదటిసారి ప్రోటాన్లు పూర్తి చుట్టు తిరిగిన రోజు. రంజాన్ నెల. నేను డెస్క్‌లో ఉన్నాను. టీవీ పెడితే చాలు, బ్లాక్‌హోల్ పుట్టి దునియా మునిగిపోతుందా అనే చర్చే. మా మొహల్లాలో ఒక ముసలావిడ మనవణ్ణి స్కూలుకి పంపలేదు, ఖయామత్ వస్తే ఇంట్లోనే ఉండనీ అని.

దునియా మునగలేదు. తొమ్మిది రోజుల తర్వాత, 19వ తేదీ జుమ్మా రోజున, నిజంగానే ఒక ప్రమాదం జరిగింది. దాని గురించి ఏ టీవీ అరవలేదు. మా పేపర్లో సింగిల్ కాలం వార్త, అదీ నేనే రాశాను.

జరిగింది ఇది. సొరంగంలో ఒక భాగంలో అయస్కాంతాలకు కరెంటు పెంచుతూ పరీక్షిస్తున్నారు. 8,700 ఆంపియర్ల దగ్గర, రెండు అయస్కాంతాల మధ్య అతుకు ఒకటి విడిపోయింది. అక్కడ లేచిన మంట హీలియం గొట్టానికి చిల్లు పెట్టింది. మొత్తం ఆరు టన్నుల దాకా హీలియం పోయింది. గాలి బయటికిపోయే వాల్వులు ఆ ధాటికి సరిపోలేదు. ఆ ఒత్తిడికి కొన్ని అయస్కాంతాలు నేలలో బిగించిన చోటు నుంచి ఊడి జరిగిపోయాయి. 53 అయస్కాంతాలను పైకి తేవాల్సి వచ్చింది.

ఇఫ్తార్ అయ్యాక మామూకి ఫోన్ చేశాను. ఆయన మొదట అడిగిన మాట, "లోపల ఎవరైనా ఉన్నారా?"

ఎవరూ లేరు. అంత కరెంటు నడిచేటప్పుడు ఆ భాగంలోకి మనిషిని పోనివ్వరు. ఎవరికీ గాయం కాలేదు.

"అల్‌హందులిల్లా. అయితే మిగతాదంతా సామాను" అన్నాడు.

డిసెంబర్‌లో బక్రీద్‌కి మామూ కర్నూలు వచ్చాడు. అప్పటికి సెర్న్ వాళ్ళ రిపోర్టు వచ్చేసింది. ఏం జరిగిందో, ఏ అతుకు దగ్గర మొదలైందో, ఏయే వాల్వులు చాలలేదో వాళ్ళే రాసి లోకానికి పెట్టారు. మామూ అది చదివాడు. మేడమీద ఇద్దరమే ఉన్నాం.

"మీరు పరీక్షించిన అయస్కాంతాలే కదా మామూ?"

"మేం పరీక్షించింది ఒక్కోదాన్ని విడిగా. విడిగా అన్నీ బాగున్నాయి. పోయింది సొరంగంలో ఒకదానికొకటి కలిపిన చోట. అట్లాంటి అతుకులు పది వేలపైన ఉన్నాయి."

"అతుకు వేసిందెవరో పట్టుకున్నారా?"

మామూ నావైపు అదోలా చూశాడు. "నువ్వు పేపరోడివి, నీకు 'ఎవరు' కావాలి. రిపోర్టులో అది లేదు. పది వేల అతుకుల్లో ఒకటి చెడడం జరిగే పనే. చెడిందని ముందే ఎందుకు కనిపెట్టలేకపోయాం, చెడినా ఇంత నష్టం ఎందుకైంది. వాళ్ళు అడిగినవి ఇవి. ఒకణ్ణి పట్టుకుని తీసేస్తే ఆ అతుకు బాగవుతుందా?"

అప్పుడు చెప్పాను. పద్దెనిమిదేళ్ళ తర్వాత మొదటిసారి ఒకరికి చెప్పాను. స్టూలు, మెయిన్ హ్యాండిల్, అన్నీ.

మామూ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ వరండాలో మెయిన్ దగ్గర బోర్డు ఏమైనా ఉండిందా? 'పని జరుగుతోంది' అని?" అన్నాడు.

"లేదు."

"తాళం?"

"లేదు."

"పదకొండేళ్ళ పిల్లోడికి అందేంత ఎత్తులో స్టూలు. ఫ్యాను లేని ఎండాకాలం. ఆ రోజు నువ్వు లేపకుంటే ఇంకోరోజు ఇంకొకరు లేపేవాళ్ళు, మీ అమ్మీ లేపేది. దూల్హాభాయ్ మీద తప్పు పెట్టడానికి ఈ మాట చెప్పట్లేదు. ఆయనకి ఎవరు నేర్పారు? ఆయన మాత్రం ఆ రోజే కనుక్కున్నాడు, ఏం మార్చాలో. నిన్ను కొట్టలేదు, ఫీజులు జేబులో వేసుకున్నాడు."

ఆ మాటతో నా గుండెలోని బరువంతా దిగిపోయిందని రాస్తే అది అబద్ధం. అబ్బా చెయ్యి అలాగే ఉంది. భాయిజాన్ చింపిన ఫారం మళ్ళీ అతుక్కోదు. కానీ నా లోపల తిరిగే సవాల్ మారింది.

కొలైడర్ 2009 నవంబర్‌లో మళ్ళీ మొదలైంది. అతుకులను కనిపెట్టి ఉండే కొత్త ఏర్పాటు చేశారు, వాల్వులు పెంచారు, నేలలో పట్లు బిగించారు. అయినా తొందరపడి పూర్తి బలానికి పోలేదు. కొన్నేళ్ళపాటు దాదాపు సగం బలంతోనే నడిపారు. 2012 జూలై 4న హిగ్స్ బోసాన్ కనిపించిందని ప్రకటించింది ఆ సగం బలంతో నడిచిన రోజుల లెక్కలతోనే. ఆ పైన రెండేళ్ళు ఆపి, పది వేల పైచిలుకు అతుకులన్నిటినీ ఒక్కొక్కటిగా తెరిచి గట్టిచేశారు. ఎహతియాత్ అంటే పిరికితనం అనుకునేవాళ్ళకి నేను ఈ కథే చెబుతాను.

ఆ ఏడాది చివర్లో అబ్బా పోయాడు. అడగాల్సింది అడగనేలేదు.

*

అమ్మీ స్కానింగ్‌కి నలభై నిమిషాలు పట్టింది. బయట బెంచీ మీద భాయిజానూ నేనూ. లోపలినుంచి మిషను దడదడలు వినిపిస్తున్నాయి. భాయిజాన్ చెయ్యి ఇంకా జేబు మీదే ఉంది.

"భాయిజాన్, ఆ రోజు మెయిన్ లేపింది నేనే" అన్నాను. ముందుగా ఏమీ అనుకోలేదు, వచ్చేసింది.

ఆయన నావైపు తిరగలేదు. "మాలూమ్ హై రే" అన్నాడు. "ఎదురింటి అరుగుమీదే ఉన్నా కదా. చూసినా. వద్దని అరిచేలోగా అయిపోయింది."

"అబ్బాకి చెప్పావా?"

"అబ్బానే నాకు చెప్పినాడు. ఆసుపత్రిలో, రెండోరోజు. 'చిన్నోడికి ఎవరూ ఏమీ అనొద్దు, నువ్వు కూడా అనొద్దు' అని. నేను అనలే."

ముప్ఫై అయిదేళ్ళు అనలేదు. కాలేజీకి పోయే నన్ను రోజూ సైకిల్ మీద బస్టాండుదాకా దింపాడు, అనలేదు. నా మొదటి బైలైన్ కత్తిరించి షాపు గోడకి అంటించాడు, అనలేదు.

నేనేం మాట్లాడాలో తెలీక కూర్చున్నాను. తలుపు తెరుచుకుంది. కుర్రాడు అమ్మీని చెయ్యిపట్టి బయటికి తెచ్చాడు. ఆమె మమ్మల్నిద్దరినీ చూడలేదు, నేరుగా భాయిజాన్ జేబు వైపే చూసింది. ఆయన తావీజు తీసి, ఆమె వెనక్కి వెళ్ళి, ముడి వేయడం మొదలుపెట్టాడు. దారం పాతది, సన్నది. వైండింగ్ చేసిన వేళ్ళు కదా, ఒక్కసారికే ముడి పడింది.